ఈ ఏడు రజిని వంతు

నాన్న ఫ్లైట్ దిగేలోపు బేస్‌మెంట్ తాళంచెవి ఎక్కడ దాచాలో రజినికి తోచలేదు. బియ్యం డబ్బాలో పెట్టింది. మళ్ళీ తీసింది. చివరికి రోహన్ మందుల సంచిలో వేసింది.

కింద గదిలో, లైట్ల వెలుగులో, పదకొండు గంజాయి మొక్కలు పెరుగుతున్నాయి.

"ముప్ఫై ఏళ్ళు పాడేరు కొండల్లో గంజాయి తోటలు తగలబెట్టించిన మనిషి. వాసన పట్టేస్తాడు ఫణీ," అంది భర్తతో.

"పట్టేస్తే చెప్పేద్దాం. కొలరాడోలో అది నేరం కాదుగా."

"నీకు ఎక్సైజ్ వాళ్ళ సంగతి తెలీదు. రిటైరయ్యాక కూడా పక్కింటి పెరట్లోకి తొంగి చూస్తాడు."

రోహన్‌కి ఆరేళ్ళు. రోజుకి ఇరవై, ముప్ఫైసార్లు ఫిట్స్ వచ్చేవి. డాక్టర్లు రాసిన మందులేవీ పని చేయలేదు. ఈ ఒక్క రకం మొక్క నుంచి తీసిన నూనె పని చేసింది. మత్తు లేని రకం. దానికోసమే ప్లెయిన్స్‌బరోలో ఇల్లు ఖాళీ చేసి డెన్వర్ పక్కకి వచ్చేశారు.

ఆ రకం బయట ఎక్కడా దొరకదు. రోహన్ లాంటి పిల్లలున్న పద్నాలుగు కుటుంబాలు చిన్న సంఘంగా ఏర్పడి దాన్ని కాపాడుకుంటున్నాయి. ఏటా ఒక ఇంటి వంతు. ఆ ఇంటివాళ్ళు పంట పండించి, నూనె, పై ఏటికి గింజలు తీసి, అందరికీ పంచాలి. కొమ్మలు నాటి కూడా చూశారు. రెండుసార్లూ తెగులొచ్చి కుళ్ళిపోయాయి. పాత గింజల్లో ఈసారి మొలిచినవి ఈ పదకొండే. ఇక దాచుకున్నవి లేవు.

2014లో వంతు రజినిది.

వచ్చిన మూడో రోజు పొద్దున్న నాన్న వీరాంజనేయులు కాఫీ గ్లాసుతో బేస్‌మెంట్ తలుపు దగ్గర ఆగాడు. గాలి పీల్చాడు.

"అమ్మాయ్, తాళం ఇస్తావా, పగలగొట్టమంటావా?"

రజిని ఇచ్చింది. ఆయన మెట్లు దిగి మొక్కల్ని వేలితో లెక్కపెట్టాడు.

"పంచనామా రాస్తావా నాన్నా? పెన్ను తేనా?" అంది, ఏడుపు ఆపుకుంటూ.

"ఎవరికిది?"

"రోహన్‌కి. మందు."

"నేను పట్టుకున్న ప్రతివాడూ మందనే చెప్పాడు."

ఆ సాయంత్రం సోఫాలో ఆడుకుంటున్న రోహన్ ఒక్కసారిగా బిగుసుకుపోయాడు. కళ్ళు పైకి పోయాయి. రజిని పరిగెత్తుకొచ్చి వాడి బుగ్గ లోపల నూనె చుక్కలు వేసింది. కాసేపటికి పిడికిళ్ళు సడలాయి. "తాతా, వాటర్," అన్నాడు వాడు, ఏమీ జరగనట్టు.

వీరాంజనేయులు నీళ్ళు తెచ్చి తాగించాడు.

తర్వాత వంటింట్లోకి వచ్చి నెమ్మదిగా అడిగాడు.

"మనింటి వరకేనా? బయటికి పోదుగా?"

గంజాయి కాల్చినవాడిది చిన్న సెక్షన్, పంచినవాడిది పెద్ద సెక్షన్. చిన్నప్పుడు అన్నాల దగ్గర నాన్న నోట ఈ మాట ఎన్నిసార్లు విందో రజినికే తెలుసు.

"పోదు నాన్నా. మనకే."

"పద్నాలుగిళ్ళ సంగతి చెప్పేయొచ్చుగా," అన్నాడు ఫణి, ఇద్దరే ఉన్నప్పుడు.

"ఒక గండం గడిచింది. రెండోది మెల్లిగా చెప్తాలే."

మర్నాటి నుంచి కింద గది వీరాంజనేయులుదైపోయింది.

"అల్లుడుగారూ, ఇన్ని నీళ్ళు పోస్తే వేరు కుళ్ళిపోదూ? ఇది మొక్కా, గేదా?"

"మావయ్యగారూ, అక్కడ రైతులకి కూడా ఇలాగే సలహాలిచ్చేవారా?"

"ఇద్దామంటే నిలబడేవాళ్ళా? జీపు చూడగానే ఒకటే పరుగు."

నాన్న నవ్వు విని, చాలా నెలల తర్వాత రజిని తనూ నవ్వింది.

మొక్కలు మొగ్గ తొడిగే వేళకి రోహన్‌కి జ్వరం వచ్చింది. ఫిట్స్ ఆగలేదు. హాస్పిటల్‌లో చేర్చారు. ఆరు రోజులు. మొగుడూపెళ్ళాలిద్దరూ అక్కడే. పూటకోసారి ఇంటికి ఫోన్.

"పిల్లాడెలా ఉన్నాడమ్మా?"

"కొంచెం నయం. మొక్కలెలా ఉన్నాయి నాన్నా?"

"నేనున్నాగా. ఎన్ని వందల తోటలు చూశాననుకున్నావు! తగలబెట్టే ముందు అన్నీ చూసేవాణ్ణి. ఏ రైతు ఎలా పెంచాడో నాకు తెలిసినట్టు మీ గూగుల్‌కి తెలుసా?"

"నువ్వే దిక్కు నాన్నా."

"నువ్వు వాడి సంగతి చూసుకో."

ఆరో రోజు జూడీ ఫోన్ చేసింది. సంఘం నడిపేది ఆవిడే. ఆవిడ మనవరాలికీ ఇదే జబ్బు.

"రెండిళ్ళలో నూనె సీసాలు ఖాళీ అయిపోయాయి రజినీ. మా పాపకి నెలకి సరిపడా ఉంది. నూనె, గింజలు ఎప్పటికి చేతికొస్తాయి?"

"మొగ్గలు బాగా వచ్చాయట. ఇంకో ఆరు వారాలు."

"ఈసారి తప్పితే ఇంకేమీ లేదు. తెలుసుగా?"

"తెలుసు."

ఏడో రోజు రోహన్‌ని ఇంటికి తీసుకొచ్చారు. వాడు ఫణి భుజం మీద నిద్రపోతున్నాడు. వీరాంజనేయులు వాడి పాదాలు నిమిరి, రజిని చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు. ఆయన గోళ్ళలో ఇంకా మట్టి ఉంది.

గది శుభ్రంగా ఉంది. మొక్కలు దూరం దూరంగా, ఏపుగా ఉన్నాయి.

"వీటి మీద కేసులు రాసి రాసి చెయ్యి అరిగిపోయిందే తల్లీ," అన్నాడు. "మొదటిసారి నా చేత్తో నీళ్ళు పోశాను. పాడేరులో పనితనం తెలిసిన రైతు ఎలా చేసేవాడో, పొల్లు పోకుండా అలాగే చేశాను."

"ఏం చేశావు నాన్నా?"

ఆయన ముఖం వెలిగిపోతోంది.

"బలమంతా మన వాడి మందుకే పోవాలని మగ మొక్కలన్నీ పూత విచ్చకముందే వేళ్ళతో సహా పీకేశానమ్మా, ఇక వీటికి ఒక్క గింజ కూడా పట్టదు."