నాలుగో డిస్కు

"ఏవండీ, అది విప్పకండి!"

తొమొయె అరిచేసరికే భర్త షిగెయుకి డిస్కు పెట్టె మీది ప్లాస్టిక్ కాగితాన్ని గోటితో చీల్చేశాడు.

అరవై ఏళ్ల కిందట నిజంగా జరిగిన హత్యల మీద తీసిన పాత సినిమా అది. ఇప్పుడు డిస్కుగా వచ్చింది. లోపల ఆనాటి పత్రికల ఫోటోలతో చిన్న పుస్తకం ఉంది. పోలీసులు పట్టుకెళ్తున్న హంతకుడి చొక్కా వదలకుండా ఏడుస్తున్న ఐదేళ్ల పిల్ల ఫోటో అందులో ఉండకూడదని తొమొయె మొక్కుకుంది. ఆ పిల్ల తనే, ఆ హంతకుడు తన తండ్రి. తర్వాత మేనత్త ఇంటిపేరుతో పెరిగింది.

"హత్యల సినిమా అంటే అంత హడలా? వంటింట్లోకి పో," అంటూ అతను పేజీలు తిప్పాడు. ఒకచోట వేలు ఆగింది.

"కనుబొమ్మలు ఏం మారలేదే నీకు," అన్నాడు షిగెయుకి.

"ఎవరు... చెప్పారండీ?"

"పెళ్లిచూపులకు ముందు మా అమ్మ మీ వీధంతా ఆరా తీయించింది. కూరలవాడు కూడా చెప్పాడు. అమ్మ వద్దంది, నేను మొండికేశాను. నీ అంతట నువ్వే చెబుతావని నలభై ఏళ్లు చూశాను."

"తెలిసీ ఇదెందుకు కొన్నారు?"

"ఊళ్లో ఎవరూ చూడకూడదని. కొట్టుకు నాలుగొచ్చాయి, మూడు తెచ్చేశాను."

"నాలుగోది?"

"పొద్దున్నే మన అబ్బాయి కొనుక్కెళ్లాడట."

తొమొయె ఫోను అందుకుంది.

"ఒరేయ్, ఆ పెట్టె విప్పకు. ముందు నా మాట విను."