శనివారం పెళ్లి బుధవారమే

తోలుకోటు వేసుకున్న పోలీసు ఆఫీసరు పెళ్లి హాల్లో అడుగు పెట్టగానే పాటగాడి గొంతు మధ్యలోనే ఆగిపోయింది. పులావు వడ్డిస్తున్న గరిటెలూ ఆగాయి. పెళ్లికూతురి తల్లి ఒగుల్‌సోనా చేతిలో పళ్లెం పక్కన పెట్టి ఎదురెళ్లింది.

గుమ్మం దగ్గర బల్ల మీదున్న శుభలేఖ తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు ఆఫీసరు.

"ఇందులో శనివారం అని ఉంది. ఇవాళ బుధవారం. అంత తొందరేమొచ్చిందక్కా?"

ఏమని చెబుతుంది? దేశాన్నేలే పెద్దాయన పదిహేడు రోజులుగా ఎవరి కంటా పడలేదు. టీవీలో మాత్రం రోజూ పొలాల్లో తిరుగుతూ ఖర్బూజాలు తడిమి చూస్తున్నాడు. ఇంకా చలి వదలని మార్చి నెలలో ఖర్బూజాలెక్కడివని చంటిపిల్లలు కూడా నవ్వుతున్నారు. మంచం దిగడం లేదని కొందరు, మంచంతో సహా విదేశానికి విమానం ఎక్కించారని కొందరు, కుర్చీ కొడుక్కా అల్లుడికా అని ఇంకొందరు, బజారంతా ఒకటే గుసగుసలు. ఆయన పోయాడా, నలభై రోజులు పెళ్లిళ్లు బందు, పాటలు బందు. ఒగుల్‌సోనాకు కాబోయే అల్లుడు బెగెంచ్ సోమవారం సైన్యంలో చేరాలి. మళ్లీ రావడం రెండేళ్లకే. అందుకే ఆవిడ నిన్న ఒక్క పూటలో హాలు కుదిర్చి, గొర్రెను కోయించి, వియ్యాలవారి కాళ్లావేళ్లా పడి పెళ్లి ముందుకు లాగింది. ఊరంతా ఇవాళ అదే పని మీద ఉంది.

కానీ ఆ మాట పైకి అంటే జైలే. పెద్దాయనకు జబ్బు చేయడమనేది ఆ దేశంలో ఉండదు మరి.

"మా అత్తగారికి ఒంట్లో బాగాలేదు నాయనా. ఇవాళో రేపో అన్నట్టుంది. మనవరాలి పెళ్లి కళ్లారా చూసి పోతానంటేనూ..."

"ఏదీ ఆవిడ?"

ఎనభై ఏళ్ల అత్తగారు హాలు నడుమ రుమాలు తిప్పుతూ ఆడుతోంది. చెవుడు కదా, పాట ఆగిన సంగతే ఆవిడకు తెలియదు. ఒగుల్‌సోనాకు ముసలమ్మను అక్కడికక్కడే పడుకోబెట్టేయాలనిపించింది.

"ఆరిపోయే ముందు దీపం పెద్దదవుతుంది కదా నాయనా," అంది.

నోరు జారాక గానీ ఆ మాట ఇంకెవరికి తగులుతుందో తట్టలేదు. చుట్టాలంతా తలలు వంచుకుని పళ్లాల్లోకి చూశారు. పెళ్లికూతురు మహ్రీకి మాత్రం ముసుగులో నవ్వు ఆగలేదు. ఒంటి మీది వెండి నగలన్నీ గలగలమన్నాయి.

ఆఫీసరు నవ్వలేదు. ఆవిణ్ణి తలుపు చాటుకు రమ్మని సైగ చేశాడు. ఒగుల్‌సోనా కూతుర్నోసారి, అల్లుణ్ణోసారి చూసుకుంది. పెళ్లి ఆగినట్టే, పిల్ల బతుకు బుగ్గయినట్టే అనుకుంటూ వెళ్లింది.

"మీ పాటగాడు ఎన్నింటికి ఖాళీ అవుతాడక్కా?" అన్నాడు ఆఫీసరు గొంతు తగ్గించి. "పొద్దుట్నుంచి ముప్పై హాళ్లు తిరిగాను. ఊళ్లో ఒక్కడూ దొరకలేదు."

"ఎక్కడ పాడాలి బాబూ?" అంది ఆవిడ.

"శనివారం అనుకున్న పెళ్లే అదీను, ఇవాళ సాయంత్రానికే లాగేశారు. పెద్దాయన మనవరాలిది."