హాన్స్ పంపిన ఫైలు

ఫ్లాపీని వెలుతురుకు పెట్టి చూసి జగదీశ్వర్ మొహం చిట్లించాడు. లోపలి రేకు మీద తెల్లటి బూజు మళ్లీ పాకింది. ముట్టుకున్న వేలిని లుంగీకి తుడుచుకున్నాడు.

అందులో ఉన్నవి చనిపోయిన బాపు మాటలు. తండ్రి మొగిలి తన బొగ్గుబాయి ముచ్చట్లు చెబుతుంటే కొడుకులిద్దరూ వంతులేసుకుని టైపు చేశారు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఆ విదేశీ కంప్యూటర్‌ లాంటిది గోదావరిఖనిలో ఇంకొకటి లేదు. చోటు చాలక అంతా కుదించి ఒకే ఫైలుగా మూట కట్టారు. ఇప్పుడా మూట విప్పే సాఫ్ట్‌వేర్ కావాలి. కంప్యూటర్‌కు హార్డ్ డిస్క్ లేదు కాబట్టి, ఫ్లాపీ మీది నుంచే నేరుగా నడిచే రకం కావాలి. ఆలస్యమైతే బాపు మాటలు బూజు పాలవుతాయి.

ఆ సాఫ్ట్‌వేర్ ఉన్న డిస్కును పంపకాల్లో తమ్ముడు ఉపేందర్ పట్టుకుపోయాడు. ఉండేది పక్క క్వార్టర్‌లోనే, మధ్యలో ఒకటే గోడ.

"అవుతల్నే ఉన్నడు గదా, ఒక్క మాట అడుగరాదు?" అంది భార్య సంధ్యారాణి చాయ్ అందిస్తూ.

"వాన్నా? బాపు దినాలు గాకముందే సామాన్లు పంచుకున్నోడు. వాని మొఖం జూస్తె తిన్నది కక్కొస్తది. ఆ డిస్కును ఎప్పుడో పాత సామాన్లల్ల అమ్ముకొని ఉంటడు."

ఉపేందర్ తంబాకు నమిలి ఉమ్మిన మరకలు వాకిట్లో గోడ మీద ఎండిపోయి ఉన్నాయి. ఆ కంపుకే జగదీశ్వర్ కిటికీ తెరవడం మానేశాడు.

పాత కంప్యూటర్ల ఫోరంలో అడిగితే అక్కడా ఒళ్లు మండింది. ఒకడు కంప్యూటర్‌ను మ్యూజియానికి ఇచ్చేయమన్నాడు, ఇంకొకడు వైరస్ పంపాడు. సరిగ్గా పలికింది హాన్స్ ఒక్కడే. దేశం జర్మనీ అని పెట్టుకున్నాడు. ఇద్దరూ ఇంగ్లిషులోనే రాసుకునేవాళ్లు. తన దగ్గర ఆ డిస్కు ఉందనీ, పాత ఫ్లాపీ డ్రైవు సంపాదించి ల్యాప్‌టాప్‌కు తగిలించి పంపుతాననీ అన్నాడు. విప్పాల్సిన ఫైల్లో ఏముందని అడిగాడు. జగదీశ్వర్ చెప్పాడు. మర్నాడు డ్రైవు దొరికిందని హాన్స్ రాశాడు.

"చూసినవా, ముక్కూమొఖం తెల్వనోడు బాపు కోసం గింత తండ్లాడుతున్నడు," అన్నాడు జగదీశ్వర్ భార్యతో. "రక్తం పంచుకున్నోడేమో గోడకు ఉమ్ముతున్నడు."

ఆమె ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం హాన్స్ ల్యాప్‌టాప్ నుంచి నేరుగా జగదీశ్వర్ ల్యాప్‌టాప్‌లోకి సాఫ్ట్‌వేర్ ఫైలు దిగడం మొదలైంది. సగం దాటింది. అప్పుడే ఊరి పక్క ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో రోజూ చేసే బ్లాస్టింగ్ చేశారు. కిటికీ అద్దాలు గలగలలాడాయి. పైకప్పు నుంచి రాలిన దుమ్ము చాయ్ గ్లాసు పెట్టిన చోటంతా పరుచుకుంది. ఛీ అనుకుంటూ తుడిచి చూస్తే, ఫైలు ఆగిపోయి ఉంది.

జగదీశ్వర్ తన వైపు కనెక్షన్ చూసుకున్నాడు. తన నెట్ బాగానే ఉంది. ఏమైందని హాన్స్‌ను అడిగాడు.

కాసేపటికి జవాబు వచ్చింది. కంగారులో రాసినట్టున్నాడు, ఈసారి ఇంగ్లిషు కాదు.

"బ్లాస్టింగ్‌కు వైరు ఊడింది, జెర ఆగు అన్నా."