కుటుంబాలకు మాత్రమే

"మెట్లకి రెయిలింగ్ లేదేమిటండీ?"

మేడ ఎక్కబోతూ ఆగి అడిగిందామె. ఒక చేత్తో పిల్లాణ్ణి, ఇంకో చేత్తో చిన్నదాన్ని పట్టుకుంది. భుజానికి బరువైన సంచి.

ఇంటావిడకి ఆ ప్రశ్న నచ్చింది. ఇన్నాళ్ళూ వచ్చినవాళ్ళు ఫ్యాన్లు తిరుగుతాయా, నీళ్ళు ఎప్పుడొస్తాయి అని అడిగారే తప్ప మెట్ల వంక కన్నెత్తి చూసినవాళ్ళు లేరు.

"పెట్టిస్తానమ్మా. పోయినేటిదాకా ఉన్నది కాలేజీ కుర్రాళ్ళు. వాళ్ళకి మెట్లతో పనేముంది, గోడలు దూకే రకం" అంది, మోకాళ్ళు పట్టుకుని ఎక్కుతూ.

గదిలోకి వెళ్ళగానే ఆమె కిటికీ చువ్వల్ని ఒక్కొక్కటీ లాగి చూసింది. నేలకి దగ్గరగా ఉన్న ప్లగ్గు ముందు వంగి, చిన్నదాని వేళ్ళు అందులో పడతాయా అని పరీక్షించింది. స్నానాలగది గడియ రెండుసార్లు వేసి తీసింది.

"ఇది కాస్త పైకి మార్పించగలరా పిన్నిగారూ? చిన్నది లోపలికి వెళ్ళి గడియ పెట్టేసుకుంటుంది. ఓసారి తలుపు పగలగొట్టాల్సి వచ్చింది."

"అయ్యో, దానిదేముంది, మార్పిస్తాను."

మనిషి పీలగా ఉంది. కళ్ళ కింద నల్లటి చారలు. ఇద్దరు పిల్లలతో సతమతమయ్యే ఇల్లాలి ముఖం ఇలాగే ఉంటుందనుకుంది ఇంటావిడ. పిల్లలు మాత్రం బెల్లం కొట్టిన రాళ్ళలా ఉన్నారు. పేరేమిటని అడిగితే ఇద్దరూ ఆమె వంక చూశారు గానీ నోరు విప్పలేదు. లోపలికి వచ్చేముందు గేటుకున్న బోర్డు దగ్గర ఆగి ఆమె వాళ్ళకేదో చెప్పడం ఇంటావిడ కిటికీలోంచి చూసింది. అల్లరి చేయొద్దని చెప్పి ఉంటుంది, పెంపకం తెలిసిన మనిషి.

ఇంతలో ఎదురుగా కాలేజీ బెల్లు గణగణలాడింది. ఆమె ఉలిక్కిపడి కిటికీ వైపు చూసింది.

"అదీ వరస. రోజంతా ఇదే మోత" అంది ఇంటావిడ.

"గది దాకా ఇంత స్పష్టంగా వినిపిస్తుందా అండీ?"

"చెవులు చిల్లులు పడేలా!"

"పోనీలెండి, మంచిదే" అందామె. ముఖంలో కాస్త తెరిపి కనిపించింది.

మంచిదేమిటో ఇంటావిడకి అర్థం కాలేదు. ఈ మనిషి ఇల్లు కాదనుకుని వెళ్ళిపోతే బాగుండుననీ అనిపించింది, వెళ్ళిపోతుందేమోనని బెంగా కలిగింది. ఈ ఇంట్లో పసిపిల్లల గొంతు వినబడి ఏడాదయింది. అయినా నిజం దాచి ఒప్పించడానికి మనసు రాలేదు.

"చూడమ్మా, నీ దగ్గర దాపరికమెందుకు. ఈ వీధి పిల్లలున్నవాళ్ళకి పనికిరాదు. పోయినేడు మా మనవడు ఆ గేటు ముందే బంతి కోసం వంగాడు. పందెం వేసుకుని వస్తున్న కాలేజీ కుర్రాడి బండి మావాడి కాలు మీంచి పోయింది. గుద్దినవాడు ఆగనైనా ఆగలేదు. పిల్లాడు ఇప్పటికీ కుంటుతున్నాడు. మా అమ్మాయి మళ్ళీ వాణ్ణి ఈ గడప తొక్కనివ్వలేదు."

ఆమె గబుక్కున పిల్లలిద్దర్నీ దగ్గరికి లాక్కుంది.

"ఆ కుర్రాళ్ళని అప్పుడే ఖాళీ చేయించి గేటుకి ఆ బోర్డు పెట్టాను, 'కుటుంబాలకు మాత్రమే' అని. మరి నీకు ఊళ్ళో ఇంకెక్కడా ఇల్లు దొరకలేదా?"

"దొరికాయండీ. కానీ ఇక్కడైతే వీళ్ళ బడి పక్క సందులోనే. మధ్యాహ్నం పరిగెత్తుకొచ్చి ఇంత అన్నం పెట్టి వెళ్ళగలను. ఇప్పుడుండే ఇల్లు చాలా దూరం. బడి లేని రోజుల్లో నేను వచ్చేదాకా వీళ్ళిద్దర్నీ లోపల పెట్టి తాళం వేస్తున్నాను." ఆమె గొంతు తగ్గించింది. "మొన్న వెళ్ళేసరికి చిన్నది తలుపుకి ఆనుకుని ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి ఉంది."

"మరి మీ ఇంట్లో ఇంకెవరూ..."

"ఉండేది మేం ముగ్గురమేనండీ."

ఇంటావిడ నాలిక్కరుచుకుంది. ఏ పాపిష్టివాడు ఇంత చిన్న పిల్లల్ని వదిలేసి పోయాడో, లేక దేవుడే తీసుకెళ్ళాడో. ఆ పైన అడగడానికి నోరు రాలేదు.

"సరే, విను. పొద్దున్న బడికి నేను దిగబెడతాను, నేనే తీసుకొస్తాను. మెట్లకి రెయిలింగ్ వచ్చేదాకా కిందింట్లోనే ఆడుకుంటారు. నేనుండగా ఒక్కరు కూడా గేటు దాటరు, సరేనా?" బొడ్లోంచి తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టింది.

ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిల్లాడు మొదటిసారి నవ్వాడు.

"ఒక్కటే షరతు. చుట్టాలనీ స్నేహితులనీ చెప్పి కాలేజీలో చదివేవాళ్ళని మాత్రం ఈ మెట్లెక్కించకు. వాళ్ళకి బాధ్యతంటే ఏమిటో తెలిస్తే కదా! ఆ రకాన్ని చచ్చినా ఇంట్లో పెట్టుకోనని మా మనవడి మీద ఒట్టేశాను. పిల్లల తల్లివి, నీకు వేరే చెప్పాలా."

ఆమె ముఖం పాలిపోయింది. తాళంచెవిని ఒకసారి గట్టిగా పట్టుకుని, మెల్లగా పిడికిలి విప్పి, తిరిగి ఇంటావిడ వైపు చాపింది.

"పిన్నిగారూ, ముందే చెప్పాల్సింది. మీతో ఒక మాట..."

"తర్వాత చెబుదువుగానిలే. పిల్లలు ఆకలిమీదున్నట్టున్నారు" అంటూ ఇంటావిడ ఆ పిడికిలి మళ్ళీ మూసేసింది.

ఎదురుగా బెల్లు మళ్ళీ మోగింది. అంతసేపూ నోరు మెదపని చిన్నది కంగారుగా ఆమె సంచి పట్టుకుని లాగింది.

"అక్కా, నీ క్లాసుకి బెల్లు కొట్టేశారు!"