నిలబడ్డ కారు

"మళ్ళీ ఖాళీ!"

భర్త బానెట్‌ను ధడాలున మూశాడు. వీధిలో పోయేవాళ్ళు తిరిగి చూశారు.

"నిన్న పోసిన నీళ్ళు చుక్క మిగల్లేదు. ఈ డొక్కు మనకి అంటగట్టి మీ తమ్ముడు చేతులు దులుపుకున్నాడు. వాడికి తగ్గ అక్కవే నువ్వు."

ఆ ఇంట్లో కారుకు ఏ రోగమొచ్చినా ఆమె పుట్టింటి ఖాతాలోనే పడుతుంది. హారన్ మోగకపోతే తమ్ముడు. టైరు పంక్చరైతే తమ్ముడు. అత్త మీద కోపం దుత్త మీద అంటారు. ఇక్కడ దుత్తకు నాలుగు చక్రాలున్నాయి, అంతే తేడా.

"పొద్దున్నే అరవకండి. నిన్నటి నుంచి తలనొప్పి తగ్గలేదు" అంది ఆమె.

"మూడింటిదాకా తినకుండా కూర్చుంటే నొప్పి రాక ఏమొస్తుంది? అయినా నీ పనికి నొప్పులు కూడానా! కళ్ళజోళ్ళ షాపులో వచ్చినవాడి చెవుల వెనక వేళ్ళు పెట్టి నవ్వడమేగా."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. అతనేం చేస్తున్నాడట? మందుల కంపెనీలో తిరిగే ఉద్యోగం. పొద్దున కారెక్కితే సాయంత్రం దాకా డాక్టర్ల చుట్టూ తిరుగుతానంటాడు. డాక్టర్ల చుట్టూనేనా అన్న పురుగు ఆమె బుర్రలో ఎప్పుడో చేరింది. ఊరి చివర మందుల షాపు నడిపే ఆవిడను అతను ఒకప్పుడు తెగ పొగిడేవాడు. ఈ మధ్య ఉన్నట్టుండి ఆ పేరే ఎత్తడం మానేశాడు. పొగిడినప్పటి కంటే ఇదే ఆమెను ఎక్కువ తొలిచేస్తోంది.

ఆదివారం అతను నిద్ర లేవకముందే కారు తీసుకుని మెకానిక్ షెడ్డుకు వెళ్ళింది. కనీసం తమ్ముడి పరువైనా దక్కించుకోవాలని.

షెడ్డు మేస్త్రిది నోటిదురుసు. పలకరింపు కూడా లేకుండా బానెట్ ఎత్తాడు. రేడియేటర్ మూత తీసి పంపు బిగించి గాలి కొట్టాడు. మీటరు ముల్లు కిందికి దిగలేదు. గొట్టాలన్నీ చేత్తో తడిమాడు. ఆయిల్ పుల్ల తీసి చూశాడు. నీళ్ళు కలిసిన జాడ లేదు.

"ఎక్కడా కారట్లేదమ్మా. ఎవరు చెప్పారు కారుతోందని?"

ఊళ్ళో ఒక చుట్టు తిప్పి తెచ్చాడు. వేడి పెరగలేదు. ఇంజన్ ఆపకుండా, ఏసీ వేసి, కారును షెడ్డు ముందే నిలబెట్టాడు. ఒక బీడీ కాలేంతలో రేడియేటర్ పక్కనున్న నీళ్ళ డబ్బా మూత బుసకొట్టింది. వేడి నీళ్ళు బుడబుడమంటూ నేల మీదికి పొంగాయి.

"చూశారా! ఇంజన్‌ను చల్లార్చే ఫ్యాను చచ్చిపోయింది. స్టవ్ మీద పాలలాగే. కదుపుతుంటే పొంగవు, వదిలేస్తే పొంగుతాయి. తిరిగే కారును గాలే చల్లారుస్తుంది. ఇది రోజూ ఎక్కడో ఏసీ వేసుకుని గంటల తరబడి నిలబడుతోంది."

"మా ఆయనది తిరిగే ఉద్యోగం."

"ఆయన తిరుగుతున్నాడేమో. కారు మాత్రం తిరగట్లేదు."

ఆమె మొహం మాడిపోయింది. అనుమానం వేరు, దాన్ని పరాయివాడి నోట వినడం వేరు.

"కొత్త ఫ్యాను వెయ్యమంటారా?"

"వద్దు. నీళ్ళు తీసేసి రంగు కూలెంట్ పొయ్యండి. మరకపడేది."

"ఇంజన్ పట్టేస్తుందమ్మా!"

"పట్టేస్తే పట్టెయ్యనివ్వండి. ఎలాగూ మా తమ్ముడి తప్పే అవుతుంది."

మేస్త్రి ఆమెను ఎగాదిగా చూసి ఆకుపచ్చ కూలెంట్ డబ్బా తెచ్చాడు.

క్లిప్పు ఒకటి లూజైతే బిగించారని భర్తకు చెప్పింది. "ఆ మాత్రం దానికి పొద్దుట్నుంచీనా?" అని అతను మూతి విరిచాడు.

మర్నాడు మధ్యాహ్నం షాపులో చెప్పి ఆటో ఎక్కింది. మందుల షాపు వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. నేలంతా పొడిగా ఉంది. భర్త ఆఫీసు ముందు కూడా చూసింది. అక్కడా పొడే. గుండె కాస్త కుదుటపడింది. లేనిపోని అనుమానంతో మనిషిని ఆడిపోసుకున్నానా అనుకుంది.

ఆ రాత్రి భోజనం దగ్గర అతను మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడో లేదో, ఉప్పు తక్కువైందని కంచం గోడకేసి కొట్టాడు. ఉప్పు సరిగ్గానే ఉంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేది ఇలాంటివాడే అనుకుంది ఆమె. గోడ తుడుస్తూ పళ్ళు నూరింది. దొరక్కపోతాడా, ఏ వీధిలోనో, ఎవరి గుమ్మం ముందో.

తర్వాతి రోజు మధ్యాహ్నం ఒక మామ్మగారికి కొత్త కళ్ళజోడు పెట్టింది. దూరం చూపు అద్దాలు ఇచ్చాక కస్టమరును షాపు గుమ్మం దాకా తీసుకొచ్చి రోడ్డవతల బోర్డులు చదివించడం అక్కడి అలవాటు. షాపు ముందుభాగమంతా అద్దమే అయినా, బయట వెలుగులోనే చూపు తేలుతుంది.

మామ్మగారు బోర్డులన్నీ గడగడా చదివేసింది. ఆనందం పట్టలేక గోడ మీద పోస్టర్లూ చదివింది.

"ఆ గోడ కింద నేల మీద ఆకుపచ్చగా పారుతోందే, అది కూడా కనిపిస్తోంది తల్లీ! ఇందాకటిదాకా అక్కడేదో కారు ఉండాలే?"

ఆమె ఆవిడ చెయ్యి వదిలేసింది. అటూ ఇటూ చూడకుండా రోడ్డు దాటింది. చెప్పులకు తడి అంటింది. ఇంకా వెచ్చగానే ఉంది.

పాత తుప్పునీళ్ళ మరకలు ఒకదాని మీద ఒకటి ఎండిపోయిన ఆ చోట నిలబడి తలెత్తి చూస్తే, రోడ్డవతల తన షాపు అద్దంలోంచి ఆమె కూర్చునే కుర్చీ, ఇంకా మూత తియ్యని ఆమె అన్నం డబ్బా, స్పష్టంగా కనిపించాయి.