బడి నిండిన వారం

ఆ రోజు బడిలో పిల్లలు కూర్చోడానికి చోటు చాల్లేదు. రెండో తరగతిని వరండాలోకి మార్చాల్సి వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ సౌజన్య గుమ్మంలో నిలబడి ఆ సందడి చూస్తూ మురిసిపోయింది.

మురిసిపోక ఏం చేస్తుంది? వారం క్రితం దాకా ఈ బడిలో ఉన్నది పదకొండు మంది. ఇలాగే ఉంటే బడి మూసేసి, పిల్లల్ని హైవే అవతలి ఊరి బడిలో కలిపేస్తామని ఎంఈఓ గారు ఫోన్లోనే తేల్చి చెప్పారు. ఆ రోడ్డు మీద లారీలు ఎవరికోసమూ ఆగవు. ఒకటో తరగతి గ్లోరిని రోజూ చెయ్యి పట్టుకుని దాటించే తీరిక కూలికెళ్ళే తల్లికి లేదు. బడి పోతే గ్లోరి చదువూ పోయినట్టే.

అందుకే సౌజన్య ఎండల్లో గడపగడపా తిరిగింది. అందరూ మర్యాదగా కుర్చీ వేశారు. మజ్జిగ ఇచ్చారు. పిల్లల్ని మాత్రం ఇవ్వలేదు. వాళ్ళంతా టైలు కట్టుకుని పొద్దున్నే తిరువూరు కాన్వెంటు బస్సెక్కేశారు.

అలాంటిది ఉన్నట్టుండి ఎరువుల కొట్టు గిరిబాబు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

“మీరు చెప్పింది రాత్రంతా ఆలోచించానండి. మన ఊరి బడిని మనమే కాపాడుకోకపోతే ఎట్టా? మా అనూహ్య పేరు రాసుకోండి మేడమ్.”

“అక్కడ ఫీజు కట్టేసే ఉంటారు కదండీ?”

“ఫీజుదేముందండి. పిల్ల మన కళ్ళ ముందుండాలి.”

సౌజన్యకు కళ్ళు చెమర్చాయి.

మర్నాడు ట్రాక్టర్ల డానీ తన కొడుకును తెచ్చి చేర్పించాడు. “గిరిబాబుకున్న అభిమానం మాకు లేదాండి?” అన్నాడు. ఆ మాట గిరిబాబు చెవిన పడింది. సాయంత్రానికల్లా తమ్ముళ్ళ పిల్లల్నీ, బావమరిది పిల్లల్నీ ఆటోలో తెచ్చి దింపాడు. డానీ ఊరుకుంటాడా? పెనుగొలనులో ఉన్న చుట్టాల పిల్లల్ని కూడా పట్టుకొచ్చాడు.

చదువు మీద ఇంత పంతం ఇంకే ఊళ్ళో ఉంటుంది? ఇదంతా తను తాగిన మజ్జిగ మహిమే అనుకుంది సౌజన్య. యూనిఫాం గుడ్డ ఇస్తే మాత్రం ఎవరూ తీసుకోలేదు. “నిదానంగా కుట్టిద్దాం మేడమ్,” అన్నారు. పిల్లలు కాన్వెంటు టైలతోనే వచ్చి బడిలో అన్నం తిన్నారు. వంట చేసే రావమ్మ ఇంకో పెద్ద గిన్నె అరువు తెచ్చుకుంది. సౌజన్య ఎంఈఓ గారికి ఫోన్ చేసి, బడి మూసే పని లేదని, వీలైతే ఇంకో టీచర్ని ఇవ్వమని గర్వంగా చెప్పింది.

ఈ సంబరంలోనే పేరెంట్స్ కమిటీ ఎన్నిక వచ్చి పడింది. సౌజన్య దాన్ని అరగంట పని అనుకుంది. ఊరు అలా అనుకోలేదు. గేటుకు అటొక ఫ్లెక్సీ, ఇటొక ఫ్లెక్సీ లేచాయి. డానీ వర్గం బిర్యానీ పెడితే, గిరిబాబు వర్గం బిర్యానీతో పాటు కూల్‌డ్రింకులూ పంచింది. బడి రిజిస్టర్లో పేరున్న పిల్లల తల్లిదండ్రులకే ఓటు కాబట్టి వాళ్ళంతా వచ్చి చేతులెత్తారు. నాలుగు చేతుల తేడాతో గిరిబాబు చైర్మన్ అయ్యాడు.

మెడలో దండ తియ్యకుండానే వెళ్ళి హెడ్‌మిస్ట్రెస్ కుర్చీలో కూర్చున్నాడు. సౌజన్య నిలబడి కమిటీ బాధ్యతలు చదివి వినిపించింది. పిల్లల భోజనం రుచి చూడాలి. మంచినీళ్ళ ట్యాంకు కడిగించాలి. మరుగుదొడ్డికి తలుపు పెట్టించాలి. ఏ పిల్లా బడి మానకుండా చూడాలి.

“ఆ చివరిది నాకొదిలెయ్యండి మేడమ్. ఈ బడి నుంచి ఒక్క పిల్ల బయటికెళ్తే నేను గేటుకి అడ్డంగా పడుకుంటా,” అన్నాడు గిరిబాబు.

చప్పట్లు మోగాయి. అందరూ ఆపేశాక కూడా సౌజన్య కొడుతూనే ఉంది.

మర్నాడు పెందలాడే వచ్చి గంట కొట్టింది. గ్లోరి, మిగతా పాత పిల్లలూ వచ్చి కూర్చున్నారు. వరండా ఖాళీగా ఉంది. బిర్యానీ ఎక్కువై ఎవరూ లేవలేదేమో అనుకుంది సౌజన్య. ఇంతలో గేటు ముందు వరసగా మోటారు సైకిళ్ళు ఆగాయి. ముందు చైర్మన్ గిరిబాబు, వెనక రెండు వర్గాల తండ్రులూ దిగారు. నిన్నటిదాకా కొట్టుకున్నవాళ్ళు ఇవాళ కలిసికట్టుగా ట్యాంకు కడగడానికి వచ్చారని ఆమె పొంగిపోయి, బకెట్లు తెమ్మని రావమ్మను కేకేసింది.

గిరిబాబు చేతులు కట్టుకుని ఎంతో వినయంగా అన్నాడు: “ఓట్లయిపోయాయి కదా మేడమ్, అందరి పిల్లలకీ టీసీలిచ్చెయ్యండి, మా అనూహ్య పేరొక్కటి మాత్రం ఉంచండి, అది కొట్టేస్తే నా చైర్మన్ పదవి పోద్దంట.”