కొంగు చివర అమ్మ పేరు

ఇప్పుడు మా వీధిలో మగ్గాలు వాటంతట అవే నేస్తాయి. డిజైను గీసినవారి పేరును ఫైలు పేరులోంచి మాక్రో అనే చిన్న కంప్యూటర్ ప్రోగ్రాం తీసుకుని కొంగు చివర వేయిస్తుంది. అమ్మ సొంత పేరుతో ప్రదర్శనకు చీర పంపడం ఇదే మొదలు. నమూనా కొంగు మీద మాత్రం మా ఇంటిపేరు పొడి అక్షరం “గం” అనే పడింది.

“వీధంతా గంజోళ్లమే కదా బిడ్డా! రేపు ఈ చీర ఎవరిదంటరు?” అంది అమ్మ.

అమ్మ పేరు అండాలు. ఫైలు పేరు “గం.అండాలు.డిజైన్”. మాక్రో మొదటి చుక్క దగ్గరే పేరు తెంచేస్తోంది. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. అందరూ నావైపే చూశారు. చివరి చుక్క దగ్గర తెంచమని మాక్రోను మార్చాను.

మగ్గం మళ్లీ ఆడింది. కొంగు మీద “గం.అండాలు” ఎర్రగా తేలింది.

అమ్మ గుమ్మంలోకి వెళ్లి పక్కింటికి కేకేసింది.

“వదినా, జర ఇటు రా! మా పిల్ల మగ్గానికి నా పేరు నేర్పింది.”